రక్షణ పొందినవాడు డప్పు కొట్టవచ్చునా?



కొన్ని నెలల క్రిందట మన రేడియో కార్యక్రమమునకు ఒక ఉత్తరము వచ్చింది. వ్రాసినది ప్రకాశం జిల్లాలోని ఒక పల్లెకు చెందిన యౌవనస్థుడు. ఇంటర్ వరకు చదువుకున్నాడు, బాప్తిస్మము తీసుకున్నాడు, ఆదివారము ఆరాధన మానడు. తాత దగ్గర నేర్చుకున్న డప్పు విద్య అతని చేతిలో ఉన్నది. తోటి కుర్రవాళ్ళను కూడగట్టుకొని ఒక బృందము పెట్టి పెళ్ళిళ్ళకు, సభలకు వాయిస్తాడు. అందుచేత వారి సంఘములో అతనికి ప్రభువు బల్లలో పాలు ఇవ్వడము ఆపివేశారట. "అయ్యగారూ, రక్షణ పొందినవాడు డప్పు కొట్టవచ్చునా, కూడదా? మీరు ఏది చెబితే అది చేస్తాను" అని వ్రాశాడు.

మాకు ఉన్న సమయము పదిహేను నిమిషములు. అందులో ఉత్తరములకు మిగిలేది రెండు నిమిషములు. విశ్వాసి లోకమునుండి ప్రత్యేకముగా ఉండాలని కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికనుండి చూపించి, విగ్రహముల ఎదుట మ్రోగిన వాయిద్యమును విడిచిపెట్టుట క్షేమకరమని చెప్పి ప్రార్థనతో ముగించాను. నేను సరిగానే చెప్పాననుకున్నాను.

తరువాతి వారములో మరొక ఉత్తరము వచ్చింది. వ్రాసినవారు ఉద్యోగ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు, మాదిగపల్లెలో పుట్టి పెరిగిన క్రైస్తవుడు. ఆ ఉత్తరములో కోపము లేదు, అదే నన్ను ఎక్కువ బాధించింది. మన పెద్దలు డప్పు ఎందుకు క్రింద పెట్టారో మీకు తెలుసా, క్రింద పెట్టినందుకు ఏమి అనుభవించారో తెలుసా, అది తెలియకుండ ఆ బిడ్డకు రెండు నిమిషములలో తీర్పు చెప్పవచ్చునా అని అడిగారు. ఆయన అడిగిన దానికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. వేదాంత కళాశాలలో సంఘచరిత్ర చదివాను. ఐరోపాలోని మహాసభల తారీఖులు అప్పగించగలను. నా తాత ఎందుకు డప్పు విడిచిపెట్టాడో నన్ను ఏ పరీక్షలోను ఎవరూ అడగలేదు. కనుక ఈ నెల ప్రసంగమునకు బదులు ఆ చరిత్రను మీ ముందు ఉంచుచున్నాను. కాస్త ఓపికతో చదవండి.

ముందు ఆ డప్పును చూడండి. వేపకర్ర బద్దలను గుండ్రముగా కూర్చి చట్రము చేస్తారు. తోలును శుభ్రము చేసి, నానబెట్టి, చింతగింజల జిగురుతో ఆ చట్రమునకు బిగిస్తారు. వాయించే ముందు గడ్డిమంట దగ్గర కాచుతారు, అప్పుడే దానికి గొంతు వస్తుంది. కుడి చేతిలో పొట్టిగా లావుగా ఉండే చిర్ర, ఎడమ చేతిలో సన్నని సిటికెన పుల్ల. పలక అనండి, తప్పెట అనండి, ప్రాంతమునుబట్టి పేరు మారుతుంది. పెళ్ళికి ఒక దరువు, చావుకు ఒక దరువు, జాతరకు ఒకటి, ఊరిలో చాటింపుకు మరొకటి. దూరమునుండి వినిన ముసలమ్మ కూడ అది ఏ దరువో గుర్తుపట్టి "ఎవరో పోయారు" అని చెప్పగలదు. ఇది చదువులేనివారు చేసిన మోత అని అనుకునేవారు ఒక్కసారి చేతిలోనికి తీసుకొని ప్రయత్నించండి.

ఆ డప్పు మాదిగవాని చేతికి ఎట్లు వచ్చింది? ఊరిలో చచ్చిన పశువును ఈడ్చుకొనిపోవుట అతని పని. ఆ తోలును ఊనబెట్టి రైతుకు చెప్పులు, మోటబావికి తోలుబాన, ఎద్దులకు పట్టెడలు, పగ్గములు చేసి ఇవ్వాలి. దానికి ప్రతిగా కళ్ళములో కొన్ని గింజలు. ఇవిగాక డప్పు పని. కరణము చాటింపు వేయించమంటే వేయాలి. ఊరి పెద్ద ఇంటిలో చావు అయితే పాడె ముందు నడవాలి. పోలేరమ్మకు, అంకమ్మకు కొలువు చేస్తే రాత్రింబగళ్ళు కొట్టాలి. రానని చెప్పే హక్కు అతనికి లేదు. మన ప్రాంతములో దీనికి వెట్టి అని పేరు. తెలంగాణలో నిజాము పాలన చివరి దినములవరకు ఈ వెట్టి ఎంత క్రూరముగా సాగిందో మీ పెద్దలు చెప్పియుంటారు.

ఇక్కడ ఒక విచిత్రమును గమనించండి. మాదిగ డప్పు మ్రోగకపోతే ఆ జాతర మొదలు కాదు. ఆ మాదిగ మాత్రము గుడి మెట్టు ఎక్కరాదు. మాతంగి అనే ఆచారము ఒకటి ఉండేది. మాదిగ కుటుంబములోని ఒక స్త్రీని ఎన్నుకొనేవారు. జాతర దినమున ఆమె పూనకముతో ఎగురుచు అగ్రకులములవారిని నోటికి వచ్చినట్లు తిట్టేది, వారిమీద ఉమ్మి వేసేది. వారు దానిని శుద్ధి అనుకొని తలవంచి స్వీకరించేవారు. 1899లో ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ అనే మిషనెరీ స్త్రీ మాదిగల కథలపై వ్రాసిన పుస్తకములో, 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులములపై ప్రచురించిన సంపుటములలో ఈ సంగతి ఉన్నది. జాతర దినమున ఆమె ఉమ్మి పవిత్రము. మరునాడు ఆమె నీడ మైల. అదే ఆచారము ఆ స్త్రీ బ్రదుకును ఎట్లు నాశనము చేసిందో చెప్పనక్కరలేదు. మాతంగులు, జోగినులు, బసివినులు అని పేర్లు మారినవి గాని బలియైనది పేదింటి ఆడబిడ్డలే. 1988లో మన రాష్ట్ర శాసనసభ ఆ సమర్పణను నిషేధిస్తూ చట్టము చేయవలసి వచ్చింది. కనుక పాతది అంతా బంగారమని నేను చెప్పుట లేదు.

అయితే మాదిగపల్లెలో ఉన్నది వెట్టి ఒక్కటే కాదు. వారికి తమ సొంత పురాణము ఉండినది. ఊరివారి గుడిలోనికి రానివ్వనివారు ఊరి బయటనే ఒక కథను నిలబెట్టుకున్నారు. భూమి పుట్టకముందే ఆది జాంబవుడు ఉన్నాడని, అందరికంటె పెద్దవాడు అతడేనని జాంబపురాణము చెబుతుంది. దానిని ఆడి పాడేవారు చిందువారు. మాదిగలను మాత్రమే అడిగి జీవించే హక్కుగల కళాకారులు వారు. పటము పరచి, కిన్నెర మీటి చెప్పే డక్కలివారు వేరే ఉన్నారు. చిందుల ఎల్లమ్మగారు నిజామాబాదు ప్రాంతములో ఆ యక్షగానమును జీవితమంతా మోసి 2005లో కన్నుమూశారు. డక్కలి కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యగారికి 2022లో, చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ ఇచ్చారు. ఢిల్లీలో చప్పట్లు కొట్టించుకున్న ఆ కళను మన పల్లెలో ఎవరైనా పిల్లలకు నేర్పుచుంటే "పిచ్చి వేషాలు" అని తిట్టినది మనమే.

పెండ్లిలో కొత్త దంపతులకు అరుంధతీ నక్షత్రమును చూపించుట మీరు ఎరుగుదురు. ఆ అరుంధతి మా ఇంటి ఆడబిడ్డ అని మాదిగలు తరతరములుగా చెప్పుకుంటూ వచ్చారు. అరుంధతీయులు అనే పేరు అక్కడనుండి వచ్చినదే. ఆమెను ఆకాశములో వెదకి దండము పెట్టినవారు ఆమె పుట్టింటివారిని నీళ్ళ బావి దగ్గరకు రానియ్యలేదు. వినుకొండలో పుట్టిన మన కవి గుఱ్ఱం జాషువాగారు 1941లో గబ్బిలము కావ్యము వ్రాసినప్పుడు ఈ పేరునే పట్టుకున్నారు. ఆయన కథానాయకుడు ఒక అరుంధతీసుతుడు. కాశీలోని శివునికి తన బాధ చెప్పుకోవాలని ఉంటుంది గాని గుడిలోనికి పోలేడు. గబ్బిలమునకు అడ్డు లేదు కనుక దానితో కబురు పంపుతాడు. ఆ కావ్యము వ్రాసినది క్రైస్తవ ఇంటిలో పుట్టిన కవి అన్నది మన యువకులలో ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు ఒంగోలుకు రండి.

జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ 1865లో నెల్లూరుకు, 1866లో ఒంగోలుకు వచ్చారు. మన పెద్దలు ఆయనను క్లౌ దొరగారు అంటారు. ఆయనకంటె ముందు మనము తలంచుకోవలసినవాడు యర్రగుంట్ల పేరయ్య. తాళ్ళకొండపాడు గ్రామస్థుడు, మాదిగ, తోళ్ళ వ్యాపారి. దొరగారు రాకముందే ఆయన దేవుని వెదకుచుండినవాడు. గురువును ఆశ్రయించి రాజయోగము అభ్యసించాడు, ఇతరులకు కూడ బోధించాడు. అంటరానివాడని గుడి బయట నిలబెట్టబడినవాడు చెట్టు క్రింద కూర్చుండి నిరాకారుడైన దేవుని ధ్యానించాడన్నమాట. తోళ్ళ బేరము మీద ఉత్తర దిక్కుగా ప్రయాణము చేసినప్పుడు సువార్త విన్నాడు. 1866లో ఆయన, ఆయన భార్య బాప్తిస్మము పొందారు. మన సంఘముల చరిత్ర దొర ఓడ దిగిన దినమున మొదలైనట్లు మనము పిల్లలకు నేర్పుతాము. అది సరికాదు.

1867 జనవరి 1న ఒంగోలులో సంఘము ఎనిమిదిమందితో ఏర్పడింది. అదే నెలలో పేరయ్య పిలుపుమీద క్లౌ దొరగారు తాళ్ళకొండపాడు వెళ్ళారు. చింతతోపులో గుడారము వేశారు. చుట్టుప్రక్కల పల్లెలనుండి జనము అన్నము మూటలు కట్టుకొని వచ్చి దినముల తరబడి అక్కడనే ఉన్నారు. ఇరవై ఎనిమిదిమంది బాప్తిస్మము పొందారు.

అక్కడనే తగువు మొదలైనది. ఒంగోలులో బ్రాహ్మణులు కూడ దొరగారి దగ్గరకు వచ్చి బైబిలు సంగతులు వినుచుండిరి. మాదిగలను చేర్చుకుంటే మేము రాము అని వారు స్పష్టముగా చెప్పారు. ఆ రాత్రి దొరగారు తన గదిలో, దొరసానిగారు వేరొక గదిలో, ఒకరికి ఒకరు తెలియకుండ బైబిలు తెరచితే ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములోని ఒకే భాగము వచ్చిందని ఆయన తరువాత చెప్పుకున్నారు. లోకములో ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన మాటలు అవి. మీలో చాలామంది ఈ సాక్ష్యమును ప్రసంగములలో వినియుంటారు. మిషను పాఠశాలనుండి బ్రాహ్మణ బాలురు వెళ్ళిపోయారు. మాదిగలు లోపలికి వచ్చారు.

వచ్చినవారికి క్లౌ దొరగారు పెద్ద విశ్వాస ప్రమాణము నేర్పలేదు. మూడు సంగతులు చెప్పారు. ఆదివారము పని చేయవద్దు. చచ్చిన పశువు మాంసము తినవద్దు. విగ్రహములను పూజించవద్దు. వినుటకు ఇవి చిన్న సంగతులు. పల్లెలో ఒక్కొక్కటి ఒక పిడుగు. ఆదివారము పని మానడమంటే రైతు కబురు పెట్టినప్పుడు "రేపు వస్తాను" అని చెప్పడము. తన దినములలో ఒకటి తనదని మాదిగవాడు మొదటిసారి అన్నాడు. చచ్చిన పశువు తినకపోవడమంటే నేను ఊరి చివర కుక్కను కాను అనడము. మూడవదానిలో డప్పు వచ్చింది. పోలేరమ్మ ముందు మేము కొట్టము అన్నారు.

ఊరివారికి కోపము వచ్చింది. ఎందుకు? క్రీస్తు పేరు వారికి నచ్చక అని మనము సాధారణముగా చెప్పుకుంటాము. నాకైతే అట్లు తోచుట లేదు. ఆ మాదిగవాడు ఏ దేవుని తలంచుకుంటున్నాడో అంతవరకు ఊరిలో ఎవరూ పట్టించుకోలేదు. పేరయ్య యోగము చేసినన్నాళ్ళు ఎవరికీ అభ్యంతరము లేదు. చేతిలోని చిర్ర క్రింద పెట్టినప్పుడే అడ్డు వచ్చారు. పోయినది భక్తుడు కాదు, జీతము లేని సేవకుడు. డప్పు లేకపోతే కలరా తల్లికి కోపము వస్తుంది, వానలు పడవు, అదంతా ఈ మాదిగల వలన వచ్చినదే అని గ్రామ పెద్దలు కూడబలుక్కొన్నారు.

తరువాత జరిగినదంతా క్లౌ దొరగారి జ్ఞాపకములలో ఉన్నది. చాకలివారిని వీరి బట్టలు ఉతకవద్దన్నారు. కుమ్మరిని కుండలు అమ్మవద్దన్నారు. ఊరుమ్మడి బీడులోనుండి వీరి పశువులను తరిమివేశారు. చెప్పులు, పట్టెడలు కుట్టే పని ఇవ్వకుండ రైతులు ఒక కట్టు కట్టారు. కోతల కాలములో చేనిలోనికి రానియ్యలేదు. సంవత్సరము పొడవునా తినవలసిన గింజలు ఆ కళ్ళములోనే రావాలని గుర్తుంచుకోండి. కళ్ళము మూసితే పొయ్యి మూసినట్లే. ఇంత జరిగినా చాలా పల్లెలలో డప్పు మళ్ళీ ఎత్తలేదు. ఆ ఉపాధ్యాయుడు నన్ను అడిగినది దీని గురించే. మన పెద్దలు ఆకలితో డప్పు క్రింద పెట్టారు.

1876నుండి 1878వరకు గొప్ప కరువు వచ్చింది. బకింగ్‌హాం కాలువలో ఒక భాగము త్రవ్వించే కంట్రాక్టు దొరగారు తీసుకొని వేలమందికి కూలి కల్పించారు. కూలికోసము చేరారనే నింద రాకూడదని సుమారు పదిహేను నెలలు బాప్తిస్మములు ఆపివేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క దినములోనే 2,222మంది బాప్తిస్మము పొందారు. మూడు దినములకు కలిపి 3,536మంది. బాప్తిస్మము ఇచ్చినవారు దొరలు కారు, మన దేశీయ బోధకులే. ఇద్దరు చొప్పున నీటిలోనికి దిగి, అలసినప్పుడు మరి ఇద్దరు దిగి ఇచ్చారు. నీరు ముట్టుకుంటే మైలపడుతుందన్న జనము ఆ దినమున నదినంతా ఆక్రమించుకున్నారు.

ఇంతవరకు మన సంఘ చరిత్ర గర్వించదగినదే. తరువాతిది చెప్పాలంటే నాకు సిగ్గుగా ఉన్నది.

డప్పును క్రింద పెట్టమన్నది వెట్టికి విరోధముగా. రెండు తరములు గడిచేసరికి వెట్టి సంగతి మరచిపోయాము, డప్పు అపవిత్రమన్నది మాత్రము గుర్తు పెట్టుకున్నాము. అది ఎందుకు అపవిత్రము? తోలుతో చేసినది కనుక, మాదిగవాడు ముట్టినది కనుక అని ఊరివారు చెప్పినది. ఆ మాటనే మనము బైబిలు మాటగా మార్చుకొని మందిరములోనికి తెచ్చుకున్నాము. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తీయండి. పైన రాగము, తాళము వేసి ఉంటాయి. బ్రాహ్మణ కుటుంబమునుండి వచ్చిన పురుషోత్తమ చౌదరిగారు తన చిన్ననాటి సంగీతమును తెచ్చి ప్రభువు పాదముల యొద్ద పెట్టారు. ఎంత మంచి పని! ఆయన కీర్తనలు లేని ఆరాధనను నేను ఊహించలేను. ఆ రాగములు కూడ గుడిలో విగ్రహము ఎదుట పాడినవే కదా? వాటిని శుద్ధి చేసి వాడుకోగలిగితిమి. పేరయ్య పిల్లలు తెచ్చిన దరువుకు మాత్రము శుద్ధి లేదన్నాము. హార్మోనియం వచ్చింది, డోలకు వచ్చింది, తరువాత కీబోర్డు, ప్యాడ్స్ వచ్చినవి. డప్పు గడప దాటలేదు.

ఇంకొక సంగతి. నిర్గమకాండము పదిహేనవ అధ్యాయములో సముద్రము దాటిన తరువాత మిర్యాము చేత పట్టుకున్నది ఏమిటి? మన తెలుగు బైబిలులో తంబుర అని ఉన్నది. తంబుర అనగానే మనకు తీగెలు మీటే వాయిద్యము, కచేరీ వేదిక కనబడతాయి. హెబ్రీ భాషలో అక్కడ ఉన్న మాట "తోఫ్". గుండ్రని చట్రమునకు తోలు బిగించి చేతితో వాయించే వాయిద్యము అది. నూట యాభైయవ కీర్తనలోను అదే మాట. తెలుగు పల్లెలో దానికి దగ్గర వాయిద్యము ఏమిటో మీరే చెప్పండి. ఎనభై ఒకటవ కీర్తనలో గిలక తప్పెట అని ఒకచోట అనువాదకుల చేతిలో నిజము తొంగిచూసింది. వేదాంత కళాశాలలో హెబ్రీ పాఠము చదువుచు ఈ మాటను నేనే అర్థము వ్రాసుకున్నాను. మార్కులు వచ్చినవి. మా ఇంటి చూరున వేలాడిన దానికి, ఆ మాటకు సంబంధము ఉన్నదని ఆ దినమున తట్టలేదు. ప్రక్క రాష్ట్రమైన తమిళనాడులో థియోఫిలస్ అప్పావు అయ్యగారు పల్లె పాటలను ఆరాధనలోనికి తెచ్చారు. సత్యనాథన్ క్లార్క్ అయ్యగారు 1998లో వచ్చిన తన గ్రంథములో పరయ్యల డప్పునుండి క్రీస్తును గూర్చి ఆలోచించవచ్చునని వ్రాశారు. అవి సెమినరీ గ్రంథాలయములో ఉన్నవి. మన సంఘ కమిటీలకు చేరలేదు.

ఈ మధ్యలో డప్పు ఊరకుండలేదు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద దాడి జరిగి ఆరుగురు హతులైనప్పుడు, బ్రదికినవారు చీరాలకు పారిపోయి తలదాచుకున్నారు. మంచినీళ్ళ చెరువు దగ్గర పశువులను కడగవద్దన్న మాటతో మొదలైన తగువు అది. చచ్చినవారిలో, ఏడ్చినవారిలో మన విశ్వాసులు ఉన్నారు. బాప్తిస్మపు నీళ్ళు వారిని కత్తినుండి కాపాడలేదు, ఎందుకంటె కత్తి పట్టినవాడు చూచినది మతము కాదు. 1994 జూలై 7న అదే ప్రకాశం జిల్లాలోని ఈదుమూడిలో మంద కృష్ణ మాదిగగారి నాయకత్వమున ఒక ఉద్యమము పుట్టింది. దాని పేరు దండోరా. కరణము ఆజ్ఞమీద ఊరికి చాటింపు వేసిన డప్పే తన సొంత కబురు చాటినట్లయినది. అంతవరకు దాచుకున్న కులము పేరును యువకులు తమ పేరు చివర వ్రాసుకున్నారు. షెడ్యూల్డు కులములను వర్గీకరించవచ్చునని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము డప్పు కళాకారులకు పింఛను ఇచ్చుచున్నది.

మన విశ్వాసులకు ఇక్కడ ఒక చిక్కు ఉన్నది, దాచి లాభము లేదు. 1950నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైన మాదిగ షెడ్యూల్డు కులమువాడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనలను చేర్చలేదు. ఊరిలో అతడు మాదిగ, కాగితము మీద కాదు. మందిరములో డప్పువాడు, బల్ల దగ్గర కాదు.

ఇప్పుడు నా సొంత సంగతి. కొన్ని సంవత్సరముల క్రిందట నేను ఒక పల్లె సంఘములో సేవ చేయుచుండగా ఒక వృద్ధుడు ప్రభునందు నిద్రించారు. ఆయన యౌవనములో ఆ చుట్టుప్రక్కల పేరుపొందిన డప్పుకారుడు. బాప్తిస్మము తీసుకున్న తరువాత నలభై సంవత్సరములు దానిని ముట్టలేదు. భూస్థాపనకు టౌనునుండి బ్యాండు వచ్చింది. ట్రంపెట్టు, సైడ్ డ్రమ్ము. వీధిలోనికి వచ్చేసరికి ఆయన చెల్లెలి కొడుకు, మరి ముగ్గురు డప్పులు కాచుకొని నిలబడి ఉన్నారు. "అయ్యగారూ, మా మామకు ఒక్క దరువు" అన్నాడు అతడు. నేను చేయి పైకెత్తి ఆపించాను. వారు తలలు వంచుకొని ప్రక్కకు తొలగారు. బ్యాండువారు వాయించుచు ముందు నడిచారు. సైడ్ డ్రమ్ము కొట్టినవాడు ఏ దేవుని భక్తుడో నేను అడగలేదు. అతనికి డబ్బులు కూడ నేనే ఇచ్చాను. చర్మకారుడైన సీమోను ఇంటిలో పేతురు అనేక దినములు ఉన్నాడని అపొస్తలుల కార్యములలో ఎన్నిసార్లు చదివియుంటానో!

ఆ ఉపాధ్యాయుని ఉత్తరము వచ్చిన తరువాత నేను బస్సెక్కి ఆ యువకుని ఊరికి వెళ్ళాను. ముందుగా అతనిని ఒక్క ప్రశ్న అడిగాను. "బాబూ, జాతరలో కొట్టమని నిన్ను ఎవరైనా బలవంతము చేస్తున్నారా?" అతడు నవ్వాడు. "లేదయ్యగారూ. మా తాతను చేశారు. నేను ఫోనులో రేటు మాట్లాడుకొని వెళ్తాను. ఎల్లమ్మ కొలువులకు వెళ్ళను, అది నా ఇష్టము" అన్నాడు. ఆ మాటతో నా ప్రసంగము సగము అక్కడనే ముగిసింది. తాత కొట్టనని చెప్పుటకు, మనుమడు నా ఇష్టము వచ్చినచోట కొడతానని చెప్పుటకు మధ్య నాకు పెద్ద తేడా కనబడలేదు. రెండింటిలోను మనిషి తన చేతులను తనవి అనుచున్నాడు. రేడియోలో నేను చెప్పినది తొందరపాటు మాట. ఆ బిడ్డను దాని నిమిత్తము క్షమాపణ అడిగాను, ఇప్పుడు మీ అందరి ఎదుట అడుగుచున్నాను.

ఆ సాయంకాలము సంఘ పెద్దలతో కూర్చున్నాము. అక్కడి కాపరి నాకంటె వయసులో చిన్నవాడు, మంచివాడు. పెద్దలలో ఒకాయన "మా నాన్న డప్పు మానినందుకు ఊరివారు మా పాకకు నిప్పు పెట్టారు. ఇప్పుడు మీరు వచ్చి కొట్టమంటున్నారా?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేదు. చెప్పదగినది నాకు తోచలేదు. చాలాసేపటికి ఆయనే "కుర్రవానికి బల్ల ఇద్దాము. డప్పు సంగతి తరువాత చూద్దాము" అన్నారు. మిగిలినవారు సరే అన్నారు.

తరువాతి నెల మొదటి ఆదివారము నేను మళ్ళీ వెళ్ళాను. అతడు వాళ్ళ అమ్మ ప్రక్కన మోకరించి రొట్టె తీసుకున్నాడు. ఆరాధన తరువాత ఎక్కడో పెళ్ళికి వెళ్ళాలట, డప్పు వెంట తెచ్చుకున్నాడు. దానిని మందిరపు వరండాలో, మేమందరము విడిచిన చెప్పుల ప్రక్కన, గోడకు ఆనించి పెట్టియున్నాడు.